నారింజ రంగు పట్టీలు

ఫిజిక్స్ పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, ఈ ఉద్యోగంలో ఎట్లా నెగ్గుకురావాలో చెప్పమంటారు. సిలబస్ గురించీ ఇంక్రిమెంట్ల గురించీ నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నాకు తెలిసింది వేరే. వెలుతురు పదార్థాన్ని తాకితే ఏమవుతుందో కనుక్కోవడంలో బతుకు గడిపేవాళ్ల మధ్య అసూయ ఎంత ఉంటుందో ఎవరూ రాయరు. నేను రాస్తాను. ఆ సబ్జెక్టు మీద నాకు మంచి పట్టుంది.

ఇద్దరం, ఒక సీటు

సుబ్బయ్యా నేనూ ఆళ్లగడ్డ హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాళ్లది బజారులో బట్టలకొట్టు. మాది పక్క ఊళ్లో సేద్యం. డిగ్రీ కలిసే చదివాం, యూనివర్సిటీలో పై చదువూ కలిసే ముగించాం. కర్నూలు రాజధాని అయిన ఏడాదే ఇద్దరికీ నంద్యాల కాలేజీలో ఉద్యోగాలు దొరికాయి. ప్రతి పరీక్షలోనూ నాకే మార్కులు ఎక్కువ. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు, అందరికీ తెలిసేలా మాత్రం చూసుకునేవాణ్ణి.

మా హెడ్డు రంగాచార్యులుగారు అహోబిలం వైపు మనిషి. మాట మొరటు, మనసులో ఏదీ దాచుకోడు. 1955లో యూనివర్సిటీవాళ్లు వర్ణపటాల మీద పరిశోధనకు మా కాలేజీ నుంచి ఒకరిని పంపమన్నారు. ఒక్కరినే. నేను పెట్టె సర్దుకోవడమే తరువాయి అనుకున్నాను. రంగాచార్యులుగారు సుబ్బయ్య పేరు రాసి పంపారు.

నేను తిన్నగా ఆయన గదిలోకి పోయాను. "సార్, నాలో ఏం తక్కువ కనపడింది మీకు?" అన్నాను.

"తక్కువేం ల్యా," అన్నారాయన తలెత్తకుండానే. "నువ్వు పోతే ఈడ క్లాసులెవురు చెప్తారు? సుబ్బయ్య పాఠం చెప్తే పిల్లోల్లు కిటికీలోనుంచి బయటికి చూస్తాండారు. నువ్వు చెప్తే బోర్డు పక్క చూస్తాండారు. వాణ్ణి పంపిస్తే నాకేం నష్టం ల్యా. నిన్ను పంపిస్తే నాకు ఆరోజునుంచే తలనొప్పి."

"అంటే, బాగా చెప్పడం నా తప్పా?"

"తప్పని యాడన్నా? అదృష్టం ల్యాదంటాండా. పోయి క్లాసు చూసుకో."

కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఒక పని బాగా చేసేవాణ్ణి పైవాళ్లు ఆ పనిలోనే ఉంచేస్తారు. అది దురుద్దేశం కాదు, వాళ్ల సౌకర్యం. రంగాచార్యులుగారు చెడ్డవాడు కాడు. నన్ను పొగుడుతూనే నా గొంతు కోశాడు, అంతే.

సుబ్బయ్య బయల్దేరేనాడు నేనే స్టేషన్‌కు పోయాను. వాడి సామానులో గోనెసంచి చుట్టిన బరువైన పలక ఒకటుంది. ఇద్దరం పట్టుకుని రైలు పెట్టెలోకి ఎక్కించాం.

"ఏందప్పా ఇది, సమాధికి పోతాండావా?" అన్నాను.

"నాపరాయి. బాగా సానబెట్టించినా. ఆడ మనకిచ్చిన బల్ల చెక్కబల్ల, యాసిడ్ పడి కుళ్లిపోయిందంట. దీనిమీద పని చేసుకుంటా," అన్నాడు. తర్వాత కాసేపు నా మొహం చూసి, "నువ్వు పోవాల్సింది ఓబులా. నాకు తెల్సు," అన్నాడు.

ఆ మాటతో నాకు ఇంకా మండింది. గెలిచినవాడు జాలిపడితే ఓడినవాడికి తిట్టుకోవడానికి కూడా చోటు మిగలదు.

అచ్చులో అతని పేరు

రెండేళ్లు నేను పాఠాలు చెప్పాను. గాజు పట్టకంలోంచి సోడియం దీపాన్ని చూపించి, పిల్లలు పసుపు గీత కనపడగానే "ఆ!" అంటే సంతోషించాను. ఆ సంతోషం నిజమైనదే. కానీ సాయంత్రం గదికి రాగానే సుబ్బయ్య ఆ పూట ఏం చేస్తుంటాడోనన్న ఆలోచన మొదలయ్యేది. వాడి దగ్గర వర్ణపటాలను ఫోటో తీసే గది పొడుగు స్పెక్ట్రోగ్రాఫ్ ఉంది. నా దగ్గర స్క్రూ ఊడిపోయిన స్పెక్ట్రోమీటరు ఉంది. వాడు తిరిగే వరండాలో నేను తిరుగుతున్నట్టు, వాడి ప్రొఫెసరు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఊహించుకునేవాణ్ణి.

1957లో వాడి పేపరు అచ్చయింది. రంగాచార్యులుగారు పత్రిక తెచ్చి స్టాఫ్ రూములో అందరికీ చూపించి, చివరికి నా చేతిలో పెట్టారు.

పని ఏమిటో తేలిగ్గా చెబుతాను. ఏ పదార్థాన్నయినా విద్యుత్తు ఆర్క్ మంటలో కాల్చితే వెలుగు వస్తుంది. ఆ వెలుగును పట్టకంతో విడదీసి ఫోటో ప్లేటు మీద పడేలా చేస్తే ఆ పదార్థం తన గుర్తులు వేస్తుంది. ఒంటరి పరమాణువులు సన్నని గీతలు వేస్తే, జతకూడి అణువులైనవి వెడల్పైన పట్టీలు వేస్తాయి. సుబ్బయ్య బిస్మత్ క్లోరైడ్ అనే ఉప్పును కాల్చాడు. నారింజ రంగు భాగంలో, అంతకుముందు ఎవరూ చెప్పని మసక పట్టీలు కొన్ని కనిపించాయి. అవి బిస్మత్ క్లోరైడ్ అణువు కొత్త గుర్తులని వాడి వాదన. పేపరు మీద వాడి పేరు, పక్కన ప్రొఫెసరు పేరు.

అందరూ మంచి పేపరన్నారు. నేనూ అన్నాను. ఇంటికి పోయి మళ్లీ చదివాను, ఎక్కడ తప్పుందా అని. అందులో తప్పు దొరికితే చాలు, ఇంకేమీ వద్దనిపించింది.

సినిమా హాల్లో ప్రయోగం

తప్పు దొరకాలంటే ఆ ప్రయోగం నేనూ చేయాలి. వడ్రంగి చేత టేకు పెట్టె చేయించి, కాలేజీ పట్టకం ఒకటి, పాత కెమెరా కటకం ఒకటి అమర్చుకున్నాను. బిస్మత్ క్లోరైడ్ కెమిస్ట్రీవాళ్ల అలమరాలో ఉంది. ఎరుపు, నారింజ రంగులు పట్టే ప్లేట్లు ఫోటో స్టూడియో వాళ్లు తెప్పించి ఇచ్చారు. లేనిదల్లా ఆర్క్. నంద్యాలలో అంత గట్టి ఆర్క్ సినిమా హాల్లో మాత్రమే ఉండేది. ప్రొజెక్టరు వెలిగేదే రెండు కార్బన్ కడ్డీల మధ్య మంటతో.

హాలు యజమాని మా విద్యార్థి తండ్రి. ఆట లేని ఉదయాల్లో వాడుకోమన్నాడు. ఆపరేటరు ఖాదర్‌కు మాత్రం ఇష్టం లేదు. ప్రొజెక్టరు పక్కన నా పెట్టె పెడుతుంటే నడుం మీద చేతులేసుకుని చూశాడు.

"సారూ, మీ బొమ్మ ఎప్పుడు మొదలైతాది?"

"మొదలైంది ఖాదర్. ఇదే."

"హీరో యాడ?"

"హీరో ల్యాడు. ఉత్త గీతలే."

"అయితే ఒక్క ఆట కూడా ఆడదు," అని పోయి మెట్ల మీద బీడీ వెలిగించుకున్నాడు.

ఉప్పును ముందు లేబరేటరీలో బల్ల మీద బొగ్గుపొడితో కలిపి నూరి, కింది కడ్డీకి తొలిచిన రంధ్రంలో కూరేవాణ్ణి. మంట వేసి, ప్లేటు తీసి, కాలేజీ డార్క్ రూములో కడిగాను. మొదటి ప్లేటు ఆరగానే కిటికీకి అడ్డం పట్టి చూశాను. నారింజ భాగంలో పట్టీలున్నాయి. మసగ్గా, కానీ సుబ్బయ్య చెప్పిన చోటే.

మరొకరి ప్రయోగం మన చేతిలో సరిగ్గా రావడం శాస్త్రంలో పండగలాంటి విషయం. నేను మాత్రం స్టూలు మీద కూలబడ్డాను. వాడు చెప్పింది నిజం. మార్కులు నాకు వచ్చాయి, నిజం వాడికి దొరికింది.

కొన్నాళ్లు ఆ పెట్టె ముట్టుకోలేదు. తర్వాత బల్ల శుభ్రం చేస్తూ తడిగుడ్డతో తుడుస్తున్నాను. మా లేబరేటరీ బల్లలన్నీ నాపరాయివే, ఆ ప్రాంతంలో అంతకంటే చౌకైనది లేదు. తుడుస్తుంటే ఒక చోట వేలికి గరుకు తగిలింది. వంగి చూశాను. నేను ఉప్పు నూరిన చోట రాయి మెరుపు పోయి తెల్లగా తినేసినట్టుంది.

బిస్మత్ క్లోరైడ్‌కు తేమ తగిలితే యాసిడ్ పుడుతుంది. నాపరాయి అంటే సున్నపురాయి. యాసిడ్ రాయిని తింటే, ఆ రాయిలోని కాల్షియం ఉప్పులో కలుస్తుంది. కాల్షియం, క్లోరిన్ జతకూడితే నారింజ భాగంలోనే పట్టీలు వేస్తాయని పాత పట్టికలన్నింటిలోనూ ఉంది. వాటిలో అంచువి కొన్ని పక్కనున్న బిస్మత్ పట్టీల్లో కలిసిపోయి, నారింజలో విడిగా తేలినవి మాత్రం కొత్తవాటిలా కనిపించాయి. కాల్షియం గీత కూడా ప్లేటు మీద ఉంది కానీ, కడ్డీల్లోనే కాస్త కాల్షియం ఉంటుంది కాబట్టి ఆ గీత ఏ ప్లేటులోనైనా ఉంటుందని సుబ్బయ్యా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

పింగాణీ కల్వంలో, రాయి తగలకుండా మళ్లీ నూరాను. అవే కడ్డీలు, అదే సీసాలోని ఉప్పు. ప్లేటు కడిగితే నారింజ భాగం ఖాళీ. కావాలని మళ్లీ రాయి మీద నూరితే పట్టీలు తిరిగి వచ్చాయి.

మెట్ల మీదున్న ఖాదర్ దగ్గరికి పరిగెత్తి భుజాలు పట్టుకుని ఊపేశాను. ఆ ఆనందం సత్యం దొరికినందుకని పిల్లలకు చెప్పుకోవచ్చు. అందుకు కాదు. రైలు పెట్టెలోకి వాడితో కలిసి ఎక్కించిన పలక నా కళ్లముందు మెదిలింది, అందుకు.

బట్టలకొట్టులో

పత్రికకు తిన్నగా రాసే వీలు నాకుంది. సుబ్బయ్య థీసిస్ సమర్పించే సమయం అది. ఆ పట్టీలే దానికి ప్రాణం. నేను నాలుగు వాక్యాలు రాసి పంపితే వాడి రెండేళ్లూ కూలిపోతాయి. మనసులో ఆ వాక్యాలు సిద్ధంగా కూడా ఉన్నాయి. కానీ అచ్చులో చదువుకున్నప్పుడు వాడి మొహం ఎట్లా ఉంటుందో నాకు కనపడదు. ఎదురుగా చూడాలనిపించింది. వాడు సెలవులకు ఇంటికి వచ్చాడని తెలిసి, ప్లేట్లు గుడ్డలో చుట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

కొట్టులో జనం బాగానే ఉన్నారు. సుబ్బయ్య తండ్రి గజంబద్దతో పంచెల తాను కొలుస్తూ నన్ను చూసి వెలిగిపోయాడు.

"రా నాయనా, రా. మావోడి పేరు అచ్చయింది చూసినావా? ఏందో వెలుతురంట, ఎవురూ చూడని వెలుతురంట." బేరానికి వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "ఈ పిల్లోడు కూడా మావోడితోనే చదివినాడు. నువ్వెప్పుడు పోతాండావు నాయనా అట్లాంటి పనికి?" అన్నాడు.

నవ్వాను. సుబ్బయ్య లోపలినుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, బట్టల మూటలున్న వెనక గదిలోకి తీసుకుపోయాడు. కూర్చోమనకముందే ప్లేట్లు విప్పి వాడి చేతిలో పెట్టాను.

"ఇది రాయి మీద నూరింది. ఇది కల్వంలో నూరింది," అన్నాను.

వాడు ఒక్కో ప్లేటునూ గుమ్మం వెలుతురుకు పట్టి చూశాడు. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూశాడు. నేను ఎదురుచూసిన మొహం వచ్చింది. రక్తమంతా దిగిపోయి, పెదవులు తెల్లబడ్డాయి.

"రాయా?" అన్నాడు.

"రాయే."

"కల్వంలో నూరినాక మల్ల రాయి మీద నూరి చూసినావా?"

"చూసినా. మల్ల వచ్చినాయి."

వాడు మూట మీద కూర్చున్నాడు. వాదిస్తాడనుకున్నాను. నీది సినిమా హాలు, నాది యూనివర్సిటీ అంటాడనుకున్నాను. దానికి జవాబు కూడా తయారుచేసుకుని పోయాను. వాడు లేచి ముందుగదిలోకి నడిచాడు. నేనూ వెంట పోయాను.

"నాయనా, నేను రేపే పోవాల," అన్నాడు.

"అదేందిరా, నిన్ననే కదా వచ్చినావు. ఏమైంది?"

"తప్పు చేసినా. అచ్చేసిందాంట్లో తప్పుండాది. ఓబులు పట్టుకున్న్యాడు. పోయి సరిచేయాల."

బేరగాళ్లందరి ముందూ అన్నాడు. తండ్రి చేతిలో గజంబద్ద ఆగిపోయింది. "అయితే ఆ వెలుతురు..." అన్నాడు పెద్దాయన.

"అది మన రాయిది నాయనా. మన నాపరాయిది."

నేను బస్సులో మోసుకొచ్చిన ఆనందం అక్కడ, ఆ పంచెల తానుల మధ్య చల్లారిపోయింది. దాని చోట ఇంకో అసూయ లేచింది. సీటు మీద అసూయ నాకు పాతదే, అలవాటైపోయింది. ఇది కొత్తది. తప్పు చేశానని తండ్రి ముందు, బేరగాళ్ల ముందు అంత తేలిగ్గా అనగలిగిన ఆ నోరు నాకెందుకు లేదని.

"నువ్వు కూడా రా," అన్నాడు నాతో. "నువ్వు ల్యాకుంటే ప్రొఫెసరు నమ్మడు."

ప్రొఫెసరు గది

ప్రొఫెసరు కోస్తా మనిషి. మెత్తగా మాట్లాడతారు. నా ప్లేట్లు వేళ్లకొసలతో పట్టుకుని, "ఎక్కడ తీశారివి?" అన్నారు.

"నంద్యాలలో సార్. సినిమా హాల్లో."

"సినిమా హాల్లో." ప్లేట్లు బల్ల మీద పెట్టేశారు. "సుబ్బయ్యా, నా పేరున్న పేపరును సినిమా హాలు సాక్ష్యంతో వెనక్కి తీసుకోమంటావా? కడ్డీలు వేరు, పరికరం వేరు. నువ్వు థీసిస్ ఇచ్చెయ్యి. తర్వాత చూద్దాం."

"ఇయ్యను సార్," అన్నాడు సుబ్బయ్య.

ఆ రోజుల్లో ప్రొఫెసరుకు లేదు అని చెప్పడమంటే ఉద్యోగం, భవిష్యత్తు రెండూ వదులుకోవడమే. నా పక్కన నిలబడ్డవాడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఈడనే చూద్దాం సార్. మన కడ్డీలు, మన స్పెక్ట్రోగ్రాఫ్. మీరుండంగానే చేస్తా. పట్టీలు వస్తే నా మాట వాపసు తీసుకుంటా."

ప్రొఫెసరు ఒప్పుకున్నారు. చదువుకున్న రోజుల తర్వాత మేమిద్దరం మళ్లీ ఒకే బల్ల దగ్గర పని చేశాం. గోనెసంచిలో వచ్చిన పలక అక్కడే ఉంది, మధ్యలో పెద్ద తెల్లటి మచ్చతో. యాసిడ్ తినలేని అగేట్ కల్వంలో నూరాం. ప్లేటు కడిగి, తడిగానే ప్రొఫెసరు చేతికిచ్చాం. ఆయన చాలాసేపు చూశారు. నారింజ భాగంలో ఏమీ లేదు. ఆయన వరండాలోకి పోయి, అక్కడినుంచి కనిపించే సముద్రం వైపు తిరిగి నిలబడి, లోపలికి వచ్చారు.

"దిద్దుబాటు రాయి," అన్నారు. "నా పేరు కూడా ఉంచు."

ఆయన పట్ల నాకు గౌరవం ఆ మాటతో మొదలైంది. పెద్దవాళ్లు మొదటి మాటకే ఒప్పుకోవాలని కొత్తవాళ్లు ఆశించకండి. చూపించాక ఒప్పుకుంటే అదే గొప్ప.

ఆ దిద్దుబాటులో, తప్పు పట్టింది నంద్యాలలో పనిచేసే ఫలానా ఓబుళరెడ్డి అని సుబ్బయ్య రాశాడు. నా పేరు అచ్చయిన మొదటి చోటు అదే, ఇంకొకరి తప్పు దిద్దుబాటులో. రంగాచార్యులుగారు దాన్ని కూడా స్టాఫ్ రూములో తిప్పారు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని వాళ్ల వాళ్ల క్లాసులకు పోయారు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. కాల్షియం తొలగించాక, నారింజకు పక్క భాగంలో దాని కింద ఇన్నాళ్లూ మునిగి ఉన్న బిస్మత్ పట్టీలు సుబ్బయ్య ప్లేట్ల మీద శుభ్రంగా విడివడి కనిపించాయి. వాటిని కొలిచి, ఆ అణువు ఎట్లా కంపిస్తుందో తేల్చి, మొదటిదానికంటే ఎంతో గట్టి పేపరు రాశాడు. డాక్టరేటు దానికే వచ్చింది. అది తెలిసిన రోజు నేను క్లాసులో మామూలుగానే పాఠం చెప్పాను. లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. గది ఊడ్చింది నేను, సంసారం పెట్టింది వాడు.

ఇక్కడ నా సలహా ఒకటి రాస్తాను. ఏ ప్రయోగమైనా, చూడాలనుకున్న పదార్థం లేకుండా ఒకసారి చేసి చూడండి. ఉత్త కడ్డీని, ఉత్త గిన్నెను, ఉత్త బల్లను కూడా అనుమానించండి. సుబ్బయ్యకు తన ఊరి రాయి మీద అనుమానం రాలేదు. నాకు సుబ్బయ్య మీద అనుమానం వచ్చింది కాబట్టి రాయి దొరికింది. నేను ఇష్టంతో ఆ పేపరు చదివి ఉంటే మొదటి ప్లేటుతోనే చప్పట్లు కొట్టి ఆగిపోయేవాణ్ణి.

మా కాలేజీలో ఉపన్యాసం

1960లో సుబ్బయ్యను మా కాలేజీకి ఉపన్యాసానికి పిలిచారు. అప్పటికి వాడు యూనివర్సిటీలో లెక్చరరు. రంగాచార్యులుగారు రిటైరవబోతున్నారు, ముందు వరసలో కూర్చున్నారు. వాడికి పాఠం చెప్పడం రాదని ఒకప్పుడు ఆయన అన్నారు కదా, ఇప్పుడైనా పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారేమోనని నేను వెనక గోడకు ఆనుకుని గమనిస్తున్నాను.

ఎవరూ చూడలేదు. వాడు తన తప్పు కథే చెప్పాడు. రాయి, బస్సు, బట్టలకొట్టు, ప్రొఫెసరు గది, అన్నీ. ఖాదర్ మాట చెప్పినప్పుడు హాలు నవ్వులతో మోగిపోయింది. ఒక ఆడపిల్ల లేచి అడిగింది: "సార్, తప్పు పట్టినాయన మీద మీకు కోపం రాలేదా?"

"వచ్చింది," అన్నాడు సుబ్బయ్య. "బస్సులో నంద్యాల చేరేదాంకా ఉండింది. మాట్లాడకుండా కూసున్యా. ఆయప్ప కూడా మాట్లాడల్యా. ఆ తర్వాత ఆకలైంది, ఇద్దరం తిన్న్యాం."

పిల్లలు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ నా వైపు తిరిగి మళ్లీ కొట్టారు. నేను తల వంచుకున్నాను. అన్ని ఏళ్లు ఆ హాల్లో పాఠం చెప్పాను, అట్లాంటి చప్పట్లు నాకెప్పుడూ రాలేదు. ఆ పూట కూడా వాటిని నాకు ఇప్పించింది వాడే.

సాయంత్రం వాణ్ణి ఆళ్లగడ్డ బస్సు ఎక్కించడానికి పోయాను. బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో అహోబిలం పోయే ముసలామె వాడికి కిటికీ పక్కన చోటిచ్చింది. వాడు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను తేరిపార చూశాడు.

"ఓబులా, ఒక మాట అడుగుతా. నా మీద కుళ్లు నీకింకా పోల్యా కదా?"

అబద్ధం చెప్పొచ్చు. పక్కనే ముసలామె వింటోంది కూడా.

"పోల్యా," అన్నాను.

వాడు నవ్వలేదు. సంచిలో చెయ్యి పెట్టి, టైపు చేసిన కాగితాల కట్ట ఒకటి తీసి కిటికీలోంచి నా చేతికిచ్చాడు.

"పోనీయొద్దు," అన్నాడు. "కొత్త పేపరు ఇది. ఇంకా అచ్చుకు పంపల్యా. బాగా కుళ్లుకుంటా చదువు. ఏముండాదో చెప్పినాక పంపిస్తా."

బస్సు కదిలింది. నేను బస్టాండులోనే, దీపస్తంభం కింద నిలబడి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాను. బాగుంది. చాలా బాగుంది. పళ్లు బిగించి రెండో పేజీ తిప్పాను.